పదకొండుసార్లు గెలిచినాయన గురించి ఇరవై నిమిషాలు

ఇరవై ఎనిమిదేళ్ళు జూట్ మిల్లులో పనిచేశాను, ఎక్కువ కాలం స్పిన్నింగ్‌లోనే. యూనియన్‌కి చందా కట్టాను, ధర్నా టెంట్లలో కూర్చున్నాను, ఊరేగింపుల్లో జెండా మోశాను. మైకు మాత్రం ఏనాడూ ముట్టుకోలేదు. అలాంటివాడిని, రిటైరై మోకాళ్ళ నొప్పులతో ఇంట్లో కూర్చున్నాక, ఉపన్యాసం చెప్పమన్నారు. దానికోసం నేను పడ్డ తిప్పలే ఇదంతా.

2019 ఫిబ్రవరి ఆఖర్లో మా యూనియన్ కార్యదర్శి గుంటూరులో మా ఇంటికొచ్చాడు. నాకంటే ఇరవయ్యేళ్ళు చిన్నవాడు. కాఫీ సగం తాగాక అసలు సంగతి బయటపెట్టాడు.

"మార్చిలో ఇంద్రజిత్ గుప్తా శతజయంతి బాబాయ్. అరండల్‌పేటలో చిన్న హాలు మాట్లాడాం. మీరొక ఇరవై నిమిషాలు ఆయన గురించి చెప్పాలి."

"నేనా? లెక్చరర్లెవరూ దొరకలేదా?"

"లెక్చరర్లు చెప్తుంటే జనం ఫోన్లు చూసుకుంటున్నారు. ఆయన పనిచేసింది కలకత్తా జూట్ కార్మికుల్లో. మనలో జూట్ సంగతి తెలిసిన మనిషి మీరే."

ఆ మాటకి పడిపోయాను. పొగిడితే పడిపోవడం నాకు చిన్నప్పట్నుంచీ ఉంది.

అప్పటికి ఆయన గురించి నాకు తెలిసినవి రెండే ముక్కలు. సి.పి.ఐ. వాళ్ళ కార్మిక సంఘం ఏ.ఐ.టి.యు.సి. నాయకుడని ఒకటి. 1996లో దేవెగౌడ ప్రభుత్వంలో హోం మంత్రి అయ్యాడని ఇంకోటి. కమ్యూనిస్టు హోం మంత్రి ఎలా ఉంటాడో చూడాలని మా బి షిఫ్టు వాళ్ళం టీ కొట్లో పేపరు లాక్కుని మరీ ఫొటో చూశాం. ఈ రెండు ముక్కలతో ఇరవై నిమిషాలు కాదుగదా, రెండు నిమిషాలు కూడా గడవదు.

మా మనవరాలు ఇంజినీరింగ్ రెండో ఏడు. సాయంత్రం కాలేజీ నుంచి రాగానే ఫోన్లో వెతికిపెట్టమన్నాను. లోక్‌సభ సైటులో పాత సభ్యుల వివరాలు ఉంటాయని అప్పుడే నాకు తెలిసింది. అది చదువుతూ చదువుతూ, "తాతయ్యా, ఈయన కేంబ్రిడ్జిలో చదివాడు" అంది.

నా ఉత్సాహం సగం చచ్చిపోయింది. మగ్గం మీంచి లేచి పార్లమెంటుకి వెళ్ళిన మనిషి అనుకున్నాను. చూస్తే తాత బ్రిటిష్ కాలం నాటి ఐ.సి.ఎస్. అధికారి, అన్న ఐ.సి.ఎస్. ఢిల్లీలో సెయింట్ స్టీఫెన్స్, తర్వాత కేంబ్రిడ్జి. ఇంగ్లండులో ఉండగానే కమ్యూనిస్టయ్యాడు. తిరిగొచ్చి కలెక్టరు ఉద్యోగమో బారిస్టరు కోటో చూసుకోకుండా కలకత్తా జూట్ మిల్లుల్లోకి, రేవు కార్మికుల్లోకి వెళ్ళాడు. 1948-50 మధ్య పార్టీ మీద నిర్బంధం నడిచినప్పుడు జైలు, అజ్ఞాతవాసం. నిజమే, గొప్ప జీవితమే. కానీ మిర్చి యార్డులో బస్తాలు మోసే ముఠా కార్మికుల ముందు నిలబడి 'కేంబ్రిడ్జి' అంటే వాళ్ళకేం పడుతుంది? ఆ రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు.

మర్నాడు లెక్క మొదలుపెట్టాను. లోక్‌సభకి పదకొండుసార్లు గెలిచాడు, ఆ రికార్డు ఇంకెవరికీ లేదు అని అన్నిచోట్లా ఉంది. వాజపేయి పదిసార్లు. ఉపన్యాసం చెప్పేవాడికి తన లెక్క తనకి తెలియాలి కదా అని నోటుబుక్కులో రాసుకున్నాను. 1962. 1967, 1971 అలీపూర్. 1977లో ఓటమి. 1980, 1984 బసీర్‌హాట్. 1989, 1991, 1996, 1998, 1999 మిడ్నాపూర్, వరసగా ఐదు. వేళ్ళు మడిచి చూస్తే పదే వచ్చాయి. మళ్ళీ మడిచాను, పదే. మిల్లులో బాబిన్ల లెక్క తేడా వస్తే ఎలా చెమటలు పట్టేవో అలా పట్టాయి. రెండ్రోజులు ఆ ఒక్కటి కోసం తిరిగాను. చివరికి మనవరాలే పట్టుకుంది: మొదటిసారి గెలిచింది సాధారణ ఎన్నికల్లో కాదు, 1960లో కలకత్తా నైరుతి నియోజకవర్గం ఉప ఎన్నికలో. రెండో లోక్‌సభలో రెండేళ్ళకి తక్కువే కూర్చున్నాడు గానీ కూర్చున్నట్టే లెక్క. దానిమీద ఎర్ర సిరాతో గుండ్రంగా సున్నా చుట్టాను.

ఫోన్లో చదవడం నా కళ్ళ వల్ల కాక ఒకరోజు విజయవాడ వెళ్ళాను. లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో ఏదో ఒకటి దొరక్కపోదని నమ్మకం. ఒకప్పుడు మా అబ్బాయి ఇంటర్ పుస్తకాలన్నీ అక్కడే కొన్నాను. ఇప్పుడంతా పోటీ పరీక్షల గైడ్లే. ఒక షాపాయన మాత్రం "కమ్యూనిస్టులవా? పైన మూట ఉంది, మీరే దింపుకోండి" అన్నాడు. మోకాళ్ళ సంగతి చెప్తే నవ్వి ఆయనే దింపాడు. మూట మీద కట్టింది గోనె పట్ట. చెయ్యి పెట్టగానే అలవాటుగా నేత చూశాను, బాగానే ఉంది.

ఆ మూటలో ఇంద్రజిత్ గుప్తా దొరకలేదు. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం దొరికింది, తెలుగు వివరణతో పల్చటి పుస్తకం, అట్ట లేదు. పాతిక రూపాయలు. ఎందుకు కొన్నానో అప్పుడు తెలియదు, ఖాళీ చేతులతో తిరిగి రావడం ఇష్టంలేక కొన్నాను. గుంటూరు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. మంగళగిరి దాటేలోపు సగం చదివేశాను. ఇరవై ఎనిమిదేళ్ళు ఏ చట్టం కింద చందా కట్టానో ఆ చట్టాన్ని బస్సులో చదువుతున్నానని సిగ్గేసింది కూడా.

అందులో 22వ సెక్షన్ దగ్గర నా కేంబ్రిడ్జి చిక్కు కొంత విడిపోయింది. యూనియన్ ఆఫీస్ బేరర్లంతా ఆ ఫ్యాక్టరీ వాళ్ళే కానక్కర్లేదు. పాత చట్టంలో సగం మంది దాకా బయటివాళ్ళు ఉండొచ్చు. ఎందుకంటే, గేటు ముందు గట్టిగా మాట్లాడిన కార్మికుడిని మర్నాడు పనిలోంచి తీసేస్తే దిక్కు లేదు. బయటివాడినైతే ఎవరు తీసేస్తారు? చదువుకున్నవాళ్ళు, వకీళ్ళు యూనియన్లలోకి వచ్చింది ఆ సందులోంచే. 2001 సవరణలో అసంఘటిత రంగంలో సగం అలాగే ఉంచారు గానీ ఫ్యాక్టరీల్లో మూడోవంతు లేదా ఐదుగురు, ఏది తక్కువైతే అంతకి కుదించారు.

ఆ వారమే మొదటి ప్రతి రాశాను. పద్నాలుగు పేజీలు. రాత్రి భోజనాలకి ముందు మా ఆవిడని కూర్చోబెట్టి చదివాను. ఆవిడ గోంగూర ఆకు తుంచుతోంది. నాలుగో పేజీకి ఆవులింత, ఆరో పేజీకి కునుకు. నేను ఆపగానే కళ్ళు తెరిచి, "ఏవండీ, ఈయనకి పెళ్ళాం పిల్లలు లేరా?" అంది.

"అరవై దాటాక పెళ్ళి చేసుకున్నాడు."

"అది రాయలేదే?"

"అది కార్మికోద్యమానికి సంబంధం లేదు."

"ఇల్లెక్కడుండేది?"

అది మాత్రం నా దగ్గరుంది, పదకొండో పేజీలో. ఢిల్లీ జన్‌పథ్‌లో వెస్టర్న్ కోర్ట్ అని ఎంపీల బస. అందులో రెండు గదుల క్వార్టరు. హోం మంత్రి అయినా బంగళాకి మారలేదు, అక్కడే ఉన్నాడు. దేశంలో పోలీసుల వ్యవహారం చూసే మనిషి రెండు గదుల్లో! అది వినగానే ఆవిడ చేతిలో కట్ట పక్కన పెట్టింది. "ముందు అది చెప్పండి. ఏ సంవత్సరం ఎక్కడ గెలిచాడో ఎవరికి కావాలి?"

నాకు కోపమొచ్చింది. రెండ్రోజులు పట్టిన లెక్క అది. కానీ ఆవిడ వేసిన గోంగూర పుల్లల కుప్ప చూస్తుంటే నా మొదటి వాక్యం దొరికింది. ఆకు మనం తింటాం, కాడ నీళ్ళలో నానేస్తే గోగునార. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి మా మిల్లుకి ఆ నార లారీల్లో వచ్చేది, బెంగాల్ జనపనారతో కలిపి వాడేవాళ్ళం. నూనె, నీళ్ళు కలిపి చల్లి, కుప్ప పోసి మగ్గనిస్తే గానీ ఆ నార మెషీన్‌కి లొంగదు. తర్వాత నార దువ్వే కార్డింగ్, సాగదీసే డ్రాయింగ్, దారం వడికే మా స్పిన్నింగ్. నుసి ముక్కులో, చెవిలో, అన్నం క్యారేజీలో. ఈ పనంతా ఎలా ఉంటుందో ముఠా వాళ్ళకి చెప్తే, ఆ నుసిలోకి కేంబ్రిడ్జి కుర్రాడు ఎందుకొచ్చాడో వాళ్ళే అడుగుతారు. బెంగాలీలో జూట్ మిల్లుని చట్‌కల్ అంటారు. ఆయన యూనియన్ పేరు బెంగాల్ చట్‌కల్ మజ్దూర్ యూనియన్. జూట్ పరిశ్రమలో పెట్టుబడి, శ్రమల గురించి పుస్తకం కూడా రాశాడు. సంఘం పెట్టేవాడికి సరుకు ఎలా తయారవుతుందో తెలియాలన్నది నాకు ఆయనలో బాగా నచ్చిన గుణం. మా మిల్లుకి వచ్చిపోయిన నాయకుల్లో నార మగ్గబెట్టే బ్యాచింగ్‌కి, మగ్గం కోసం పడుగు చుట్టే బీమింగ్‌కి తేడా తెలిసినవాళ్ళు ఇద్దరో ముగ్గురో.

పద్నాలుగు పేజీలు ఆరయ్యాయి. కార్యదర్శికి చూపించాను. అంతా బాగుందన్నాడు, ఒక్క పేరా దగ్గర పెన్ను ఆపాడు. 1977 ఓటమి.

"ఇది వద్దులే బాబాయ్. శతజయంతి కదా."

ఎమర్జెన్సీని సి.పి.ఐ. సమర్థించింది. 1977లో లోక్‌సభలో పార్టీకి ఏడు సీట్లే మిగిలాయి, ఈయనా ఓడిపోయాడు. పదిహేడేళ్ళు సభలో ఉండి ఇంటికెళ్ళాడు. నేను రాసింది అంతే, తిట్టలేదు. 1978లో భటిండా మహాసభలో ఆ సమర్థన తప్పని పార్టీయే ఒప్పుకుందిగదా, నలభై ఏళ్ళ తర్వాత మనం దాచేదేంటన్నాను. తల గోక్కున్నాడు. "సరే, రెండు ముక్కల్లో దాటేయండి" అన్నాడు. నిజానికి మా మిల్లు వాళ్ళకి ఆ కాలం బాగా గుర్తు. దాచితే నన్ను నవ్వుతారు.

ఈలోగా మార్చి 10న ఎన్నికల షెడ్యూలు వచ్చింది. రాష్ట్రమంతా మొదటి విడతలోనే, ఏప్రిల్ 11న పోలింగ్. కోడ్ అమల్లోకొచ్చింది. మా సభకీ ఎన్నికలకీ సంబంధం లేదు, అయినా మైకు పెట్టాలంటే పర్మిషన్ కావాలన్నారు. గుమ్మం మీద కట్టాలనుకున్న ఫ్లెక్సీ మీద జెండా గుర్తు ఉండొచ్చా అని ఒక చర్చ. చివరికి కార్యదర్శి విసిగిపోయి ఫ్లెక్సీ మానేసి, లోపల తెల్లగుడ్డ మీద పేరు రాయించాడు. నాకైతే అదే బాగుంది.

మార్చి 17 ఆదివారం సాయంత్రం సభ. మర్నాడే నోటిఫికేషన్. బ్రాడీపేట నుంచి నడిచి వెళ్ళాను, టెన్షన్‌కి ఆటో ఎక్కబుద్ధి కాలేదు. శంకర్ విలాస్ సెంటర్లో ఆగి టీ తాగాను. రోడ్డంతా ప్రచారం బళ్ళు, పాటలు. హాల్లో డెబ్బై మంది ఉంటారేమో. ముందు వరసల్లో రిటైరైనవాళ్ళు, మధ్యలో యార్డు ముఠా వాళ్ళు, గోడ పక్కన కోల్డ్ స్టోరేజీల్లో మిర్చి తొడిమలు తీసే ఆడవాళ్ళు పదిమంది దాకా. వాళ్ళు అప్పుడే పని దిగి వచ్చినట్టున్నారు, హాలంతా సన్నగా ఘాటు. తుమ్ములతో సభ మొదలైంది.

గోంగూర దగ్గర మొదలుపెట్టాను. ఎవరో నవ్వారు. మొదటి రెండు నిమిషాలు కాగితం వణికింది, తర్వాత కాగితం చూడటం మర్చిపోయాను. ముఠా వాళ్ళ భుజాల మీద మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, మోసి కాసిన కాయలు చూస్తూ గోనె సంచి కథ చెప్తుంటే అది ఉపన్యాసంలా అనిపించలేదు, షిఫ్టు దిగాక మాట్లాడుకున్నట్టే ఉంది. రెండు గదుల సంగతి దగ్గర నిశ్శబ్దం. 1977 దగ్గర ముందు వరసలో ఒక పెద్దాయన గట్టిగా తలూపాడు. హోం మంత్రిగా ఉండి ఉత్తరప్రదేశ్‌లో శాంతిభద్రతలు బాగాలేవని తనే లోక్‌సభలో ఒప్పుకుని సొంత ప్రభుత్వాన్ని ఇరకాటంలో పెట్టాడని చెప్తే చప్పట్లు కొట్టారు. ఇరవై నిమిషాలు ముప్పై అయ్యాయి. కార్యదర్శి చీటీ పంపాడు. జేబులో పెట్టుకున్నాను.

అయిపోయింది, కూర్చుందామనుకుంటే గోడ పక్కనుంచి ఒకావిడ లేచింది. నలభై ఏళ్ళుంటాయి.

"అన్నయ్యగారూ, అంతా బాగుంది. ఆయన పెద్ద చదువులాయన. మాలాంటివాళ్ళు ఎవరన్నా అట్టా వెళ్ళారా, లేదా?"

మొదటిరోజు నాకు నేను వేసుకున్న ప్రశ్నే. జవాబు కాగితంలో లేదు గానీ వెతుకులాటలో తగిలిందొకటి నోటుబుక్కు చివర ఉంది. టంగుటూరి అంజయ్య. ఆయనా 1919లోనే పుట్టాడు. హైదరాబాద్ ఆల్విన్ ఫ్యాక్టరీలో ఆరణాల కూలికి చేరి, యూనియన్ నాయకుడై, మంత్రై, 1980లో ముఖ్యమంత్రి అయ్యాడు. మరి అంతటి కార్మిక నాయకుడిని 1978లో ముషీరాబాద్‌లో ఓడించిందెవరు? నాయిని నర్సింహారెడ్డి, ఆయనా కార్మిక నాయకుడే, హింద్ మజ్దూర్ సభ అనే సంఘంలో. యూనియన్ మనిషిని యూనియన్ మనిషే ఓడించాడంటే ముఠా వాళ్ళు పగలబడి నవ్వారు. నాయిని అక్కడే మూడుసార్లు గెలిచాడు, తర్వాత తెలంగాణకి హోం మంత్రి కూడా అయ్యాడు. ఈ కథ ఇంద్రజిత్ గుప్తా కథకంటే బాగా పండిందని ఒప్పుకోవాలి.

ఆవిడ కూర్చోలేదు. "మరి డబ్బులు?"

అసెంబ్లీ అభ్యర్థికి అప్పుడు ఖర్చు పరిమితి 28 లక్షలు, డిపాజిట్ పదివేలు, ఎస్సీ ఎస్టీలకి ఐదువేలు. ఆ పరిమితి ఎవరు పాటిస్తారో గుంటూరు వాళ్ళకి నేను చెప్పాలా? 28 లక్షలనగానే ఆవిడ పక్కావిడ "మా వీధంతా కలిసి జన్మంతా తొడిమలు తీయాలి" అంది. అప్పుడు నా పాతిక రూపాయల పుస్తకం అక్కరకొచ్చింది. అప్పటికి అమల్లో ఉన్న ఆ చట్టంలో 16వ సెక్షన్. యూనియన్ రాజకీయాల కోసం విడిగా ఒక నిధి పెట్టుకోవచ్చు. సాధారణ నిధిలోంచి పైసా తీయకూడదు. ఇష్టమున్నవాళ్ళే ఇస్తారు, ఇవ్వలేదని ఎవరినీ యూనియన్ సౌకర్యాలకి దూరం పెట్టకూడదు. ఆ నిధిలోంచి అభ్యర్థి ఖర్చులు భరించొచ్చు, గెలిచాక సభ్యుడి పోషణకి కూడా ఇవ్వొచ్చు. కూలి మానుకుని సభకెళ్ళేవాడి ఇంట్లో పొయ్యి వెలగాలని చట్టం రాసినవాళ్ళకి తట్టింది. 1998లో ఎన్నికల ఖర్చు ప్రభుత్వమే భరించాలా అని వేసిన కమిటీకి అధ్యక్షుడు ఈ ఇంద్రజిత్ గుప్తాయే. గుర్తింపు ఉన్న పార్టీలకి నగదు కాకుండా వస్తు రూపంలో కొంత సాయం చేయాలన్నారు. ఆ సిఫార్సు అలాగే ఉండిపోయింది.

"మన యూనియన్‌కి ఆ నిధి ఉందా?" అని అడిగింది.

కార్యదర్శి వైపు చూశాను. కార్యదర్శి కోశాధికారి వైపు చూశాడు. కోశాధికారి మంచినీళ్ళు తాగాడు.

సభ ముగిశాక ఆవిడ వచ్చి సెక్షన్ నంబరు రాసిమ్మంది. చందా రసీదు వెనకాల 16 అని రాసిచ్చాను. ఇంతకుముందు ఎవరికీ ఏమీ రాసివ్వలేదు, సంతకం పెడుతున్నట్టు అనిపించింది. పుస్తకమే ఇచ్చేద్దామా అనుకున్నాను గానీ, అట్ట లేని పుస్తకం ఎలా ఇస్తామని ఊరుకున్నాను. ఇవ్వాల్సింది.

మనవరాలు మొత్తం ఫోన్లో రికార్డు చేసింది. ఆ రాత్రి భోజనాలయ్యాక పెట్టింది. మా ఆవిడ ఈసారి నిద్రపోలేదు. నా గొంతు నాకే ఎవరిదోలా ఉంది, 'అంటే' అని ప్రతి వాక్యానికీ ఒకటి. పన్నెండో నిమిషంలో మనవరాలు చటుక్కున ఆపి, వెనక్కి జరిపి, మళ్ళీ పెట్టింది. 'లోక్‌సభకి పదిసార్లు గెలిచి రికార్డు సృష్టించిన' అంటున్నాను నేను, ఖంగుమని.

పది!

పొద్దున్నే కార్యదర్శికి ఫోన్ చేశాను. నామినేషన్ల హడావుడిలో కలెక్టరేట్ దగ్గరున్నాడు, వెనకాల డప్పులు. "పదకొండు నాయనా, ఉప ఎన్నిక వదిలేశాను. ఎవరైనా అడిగితే పదకొండని చెప్పు" అని అరిచాను.

"ఎవరూ అడగలేదు బాబాయ్" అన్నాడు. "ఆ నిధి సంగతే, పొద్దుట్నుంచీ ముగ్గురు ఫోన్ చేశారు."